చుక్కకి నానార్థాలు

మా చెల్లెలి బల్ల ఖాళీ చేసి దాని సామాన్లు తీసుకెళ్ళమని ప్రయోగశాల నుంచి మూడోసారి ఫోన్ వచ్చాక వెళ్ళాను. మొదటి రెండుసార్లూ పరీక్ష పేపర్లు దిద్దుతున్నానని చెప్పాను. మొదటిసారి చెప్పింది నిజమే.

చెల్లి పోయి అప్పటికి అయిదు నెలలు.

నేను బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చింది. "దాని కప్పు మర్చిపోకు," అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ కప్పు మీద "మట్టిబుర్ర" అని రాసి ఉంటుంది. ఆ బిరుదు ఇచ్చింది నేనే. దానికి ఎనిమిదేళ్ళప్పుడు భాగహారం చెప్పీ చెప్పీ విసిగిపోయి, "నీది బుర్ర కాదే, మట్టి," అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. "అయితే అందులో ఏం వేస్తే మొలుస్తుంది?" అని అడిగింది. తర్వాత మట్టి గురించే చదివి, మట్టి మీదే ఉద్యోగం తెచ్చుకుని, తన కప్పు మీద తనే రంగుతో ఆ మాట రాసుకుంది. "నువ్వు పెట్టిన పేరు నిలబెట్టానక్కా," అంది.

ప్రయోగశాల రెండో అంతస్తులో ఉంది. నడవా పొడుగునా చెక్క అరలు, అరల నిండా మట్టి నింపిన కాగితపు కవర్లు, ప్రతి కవరు మీదా ఒక నంబరు. అక్కడి వాసన వాన పడ్డప్పుడు లేచే వాసన లాంటిది కాదు. ఆరబెట్టి, నూరి, జల్లెడ పట్టిన మట్టికి ఒక పొడి వాసన ఉంటుంది. చెల్లి బట్టలకి ఎప్పుడూ అదే వాసన. గుమ్మంలో ఒక నిమిషం ఆగి లోపలికి వెళ్ళాను.

నన్ను ముందు చూసింది మిల్లీగ్రాం గారు. ముప్పై ఏళ్ళకి పైగా అక్కడ మట్టి తూస్తున్న మనిషి. బఠానీ గింజంత తగరపు రేకు గిన్నెలో చిటికెడు మట్టి వేసి, తూచి, పట్టకారుతో గిన్నెని ఉండలా మడిచి, యంత్రంలోకి పంపడం ఆయన పని. "ఊపిరి బిగబట్టి తూస్తాడక్కా. ఏదో ఒకరోజు వదలడం మర్చిపోతాడు," అనేది చెల్లి.

"రండి టీచరమ్మా. ఆ కుర్చీలో వద్దు, అది ఊగుతుంది," అన్నారాయన. "నాకు మిల్లీగ్రాం అని పేరు పెట్టింది మీ చెల్లేనని మీకు తెలుసుగా? ఇప్పుడు అందరూ అలాగే పిలుస్తున్నారు. మొన్నటి నుంచి మా ఆవిడ కూడా."

"క్షమించండి. నోటి దురుసు మా ఇంటి సొత్తు."

"ఫర్లేదమ్మా. కిలో అని పెట్టలేదు, అదే సంతోషం," అని తన పొట్ట నిమురుకున్నారు.

ఒక అట్టపెట్టె ఇచ్చారు. బల్ల మీద పెద్దగా ఏమీ లేవు. ఒక స్వెటరు, అరిగిన చెప్పులు, పెన్నులు, కళ్ళద్దాల డబ్బా, కప్పు. కప్పుని స్వెటరులో చుట్టి పెడుతుంటే పెద్ద మేడం తన గదిలోకి పిలిచారు. ఆ ప్రయోగశాలకి ఆవిడే అధికారి. మెల్లగా మాట్లాడే మనిషి. నన్ను కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేశారు. మిల్లీగ్రాం గారు ఒక ఫైలు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డారు.

"మీకు తెలియకుండా నిర్ణయం తీసుకోవడం బాగుండదనిపించింది," అన్నారు మేడం. "మీ చెల్లెలి పని ఏమిటో మీకు కొంత తెలుసనుకుంటాను."

తెలుసు. భోజనాల బల్ల దగ్గర అది రోజూ అదే చెప్పేది. గాలిలో ఉన్న కార్బన్‌లో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు తేలిక రకం, ఒక పాలు కాస్త బరువు రకం. రెండూ చెడిపోయేవి కావు, ఒకటి రెండోదిగా మారేవీ కావు. చెట్లు ఎంచుకుని తింటాయి, బరువుదాన్ని చాలావరకు వదిలేస్తాయి. మొక్కజొన్న లాంటివి అంతగా ఎంచవు. "చెట్టు నీలాగా అక్కా, కంచంలో కరివేపాకు ఏరి పక్కన పెడుతుంది. మొక్కజొన్న నాలాగా, ఉన్నదంతా తినేస్తుంది." ఆకులూ వేర్లూ రాలి కుళ్ళి మట్టిలో కలిసినా ఆ తేడా అలాగే నిలిచి ఉంటుంది. యంత్రం దాన్ని ఒక అంకెగా చూపిస్తుంది. చెట్ల నుంచి వచ్చిందైతే మైనస్ ఇరవై ఏడు దగ్గర, మొక్కజొన్న నుంచి వచ్చిందైతే మైనస్ పన్నెండు దగ్గర.

చెల్లి ఎంచుకున్న పొలం ఒకప్పుడు అడవి. ఇరవై రెండేళ్ళ కిందట చెట్లు కొట్టి, ఏటా మొక్కజొన్న వేస్తున్నారు. అందుకని మట్టిలో అడవి గుర్తు కనిపిస్తే అది పాతది, మొక్కజొన్న గుర్తు కనిపిస్తే ఈ ఇరవై రెండేళ్ళలో చేరింది. ఏది ఎంత మిగిలింది, ఏది ఎంత లోతుకి దిగింది అన్నది దాని మూడేళ్ళ పని. మొత్తం తొంభై ఆరు కవర్ల మట్టి.

"డెబ్బై రెండింటి ఫలితాలు చక్కగా ఉన్నాయి," అన్నారు మేడం. "చివరి ఇరవై నాలుగూ అడుగు పొరలవి. తను ఆసుపత్రిలో చేరాక వాటిని యంత్రంలో పెట్టాం. అంత లోతున అడవి గుర్తే ఉండాలి, మైనస్ ఇరవై అయిదు అలా. పద్నాలుగింటికి మైనస్ ఎనిమిది, మైనస్ ఆరు వచ్చింది."

"మొక్కజొన్న కంటే ఎక్కువ మొక్కజొన్న," అన్నారు మిల్లీగ్రాం గారు గొణుగుతున్నట్టు.

"అంటే సున్నం," అన్నారు మేడం.

అదీ తెలుసు. ఆ నేలలో అడుగున సున్నం ఉంది. సున్నంలోనూ కార్బనే ఉంటుంది కానీ అది మొక్కల నుంచి వచ్చింది కాదు, దాని అంకె సున్నా దగ్గర ఉంటుంది. సున్నానికి సున్నా, గుర్తుపెట్టుకోవడం తేలిక అనేది చెల్లి. అందుకే మట్టిని ముందు పలచటి యాసిడ్‌తో, పొంగు ఆగేదాకా కడిగి, సున్నం వదిలించి, ఆరబెట్టాలి. కడగకపోతే అంకె పాడైపోతుంది.

"ఆ పద్నాలుగూ కడగలేదు. అది ఖాయం. కానీ తను రాసుకున్న పుస్తకంలో ఇరవై నాలుగింటికీ కడిగినట్టు టిక్కులు ఉన్నాయి." మేడం కాసేపు బల్ల వైపు చూశారు. "కడగకుండా టిక్కు పెట్టిందని తేలితే, మిగతా డెబ్బై రెండు టిక్కుల్నీ నేనెలా నమ్మను? మళ్ళీ కడిగి చూద్దామంటే ఆ డెబ్బై రెండింట్లో మట్టి చిటికెడు కూడా మిగల్లేదు. శుక్రవారం వ్యాసం పంపాలి. తన పని మొత్తం పక్కన పెట్టాల్సి వస్తుంది. అప్పుడు పేరు కూడా ఉండదు."

మేడం గొంతు ఇంకొంచెం తగ్గించారు.

"ఎవరూ తప్పు పట్టరండీ. ఒంట్లో అంత బాగాలేనప్పుడు ఎవరికైనా చెయ్యి తడబడుతుంది. మనసూ తడబడుతుంది."

ఆవిడ దయగానే అన్నారు. అందుకే ఆ మాటకి ఎదురు చెప్పడం కష్టమైంది. దానికి తోడు, ఆ మాట నేనే నాలో నేను అయిదు నెలలుగా అనుకుంటున్నాను.

ఆ రోజు డాక్టరు దాన్ని వెంటనే ఆసుపత్రిలో చేర్చమన్నాడు. నేను చెల్లికి ఫోన్ చేశాను. "ఇంకా ఉన్నాయక్కా, ఒక్క గంట," అంది. "మట్టి ఎక్కడికీ పోదు, నువ్వు ఉన్నపళంగా రా," అన్నాను. వచ్చింది. పదకొండు రోజులు ఉంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "అక్కా, చుక్కలు మిగిలిపోయాయి. పదిహేను. చెప్పవే," అంది. నేను సెలైన్ సీసా వైపు చూశాను. బొట్టుబొట్టుగా దిగుతోంది. "అయిపోతుందిలే, పడుకో," అన్నాను. "కాదు, చుక్కలు. పదిహేను," అంది. ఇంకో రెండుసార్లు అంది. దేన్నో లెక్కపెడుతోంది, తెలివి తప్పుతోంది అనుకున్నాను. ఊరుకోబెట్టడానికి "చెప్పానులే," అన్నాను. "అమ్మయ్య," అని కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత అర్థమయ్యేలా ఇంకేమీ మాట్లాడలేదు.

అది నాతో అన్న ఆఖరి మాటలు మతిలేని మాటలు. నేను దానితో అన్న ఆఖరి మాట అబద్ధం. ఈ రెండూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకి మాత్రం మొదటిది చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ఆ పుస్తకం ఒకసారి చూడచ్చా?" అని అడిగాను. దాని చేతిరాత చూడాలనిపించింది, అంతే.

మిల్లీగ్రాం గారు ఫైలులోంచి ఒక కాగితం తీసిచ్చారు. పుస్తకంలో ఆఖరి పేజీకి ఫోటో తీసిన ప్రతి. ఇరవై నాలుగు నంబర్లు, ఇరవై నాలుగు టిక్కులు.

"అసలు పుస్తకం?"

ఆయన మేడం వైపు చూశారు. ఆవిడ తలూపారు. ఆయన వెళ్ళి నల్ల అట్ట పుస్తకం తెచ్చారు. కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పేజీ తెరిచాను.

ముప్పై ఏళ్ళుగా కాగితాలు దిద్దుతున్న కళ్ళు నావి. ముందు అక్షరం కంటే గుర్తే కనిపిస్తుంది. ఆ పేజీలో టిక్కులన్నీ ఒకేలా లేవు. కొన్నింటి కొనకి కిందికి లాగిన చిన్న తోక ఉంది. కొన్నింటికి తోక లేదు, ఆ చోట సూదిమొనంత చుక్క ఉంది. ఫోటోలో ఆ చుక్కలు పడలేదు.

ఒక చుక్క మీద వేలు పెట్టాను. "ఇవి కడిగినట్టు కాదండీ."

"ఏవి?"

"చుక్క ఉన్నవి." నా సంచిలో ఎప్పుడూ ఒక కట్ట పేపర్లు ఉంటాయి. తీసి బల్ల మీద పెట్టాను. "ఇది చూడండి. కట్ట చేతికి రాగానే అన్నీ వచ్చాయా లేదా అని ఒక్కొక్కటీ చూసి, టిక్కు పెట్టి పక్కన చుక్క పెడతాను. అంటే చూశాను, ఇంకా దిద్దలేదు అని. దిద్దడం అయ్యాక టిక్కు కొసని ఆ చుక్క మీదుగా కిందికి లాగుతాను. చుక్క గీతలో కలిసిపోతుంది. మా బళ్ళో పిల్లలందరికీ తెలుసు. చుక్క ఉంటే మార్కులు అడగరు."

"మీ పద్ధతి మీ చెల్లెలికి…"

"తొమ్మిదేళ్ళప్పుడు నా పక్కన కూర్చుని టీచరాట ఆడేది. సగం కట్టకి అదే చుక్కలు పెట్టేది."

మేడం పుస్తకాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు. "పెన్ను తగిలి కూడా పడొచ్చు కదండీ," అన్నారు. ఆవిడది అనుమానం కాదు, వృత్తి. చెల్లి కూడా అలాగే అడిగేది.

"అయితే ఒక పని చేయండి. తప్పొచ్చిన పద్నాలుగు ఏవో నాకు చెప్పకండి. చుక్క ఉన్నవాటి నంబర్లు నేను చదువుతాను. మీ కాగితంలో ఉన్నాయేమో ఆయన్ని చూడమనండి."

మిల్లీగ్రాం గారు యంత్రం ఇచ్చిన జాబితా తీసి, పెన్సిలు చెవి మీంచి దించారు.

"డెబ్బై నాలుగు," అన్నాను.

"ఉంది."

"డెబ్బై ఏడు."

"ఉంది."

"డెబ్బై ఎనిమిది."

"ఉందమ్మా, ఉంది."

ఎనభై ఒకటి, ఎనభై రెండు, ఎనభై మూడు. ప్రతిదానికీ ఆయన గొంతు కొంచెం పెరుగుతూ వచ్చింది. మేడం లేచి ఆయన భుజం మీంచి జాబితాలోకి తొంగి చూస్తున్నారు.

"ఎనభై ఎనిమిది," అన్నాను.

ఆయన పెన్సిలు కాగితం మీద పైకీ కిందికీ తిరిగింది.

"ఎనభై ఎనిమిది లేదు టీచరమ్మా. మైనస్ ఇరవై అయిదు పాయింట్ ఒకటి. శుభ్రంగా ఉంది."

"మిగతావి చదవండి," అన్నారు మేడం.

చదివాను. మిగతావన్నీ ఉన్నాయి. తప్పొచ్చిన పద్నాలుగింటికీ చుక్క ఉంది. కానీ చుక్కలు పదిహేను.

పదిహేను.

నేను వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టాను. ఈసారి వాళ్ళకోసం కాదు. ఏటా పరీక్షలో ఒక ప్రశ్న ఇస్తాను, చుక్క అనే మాటకి నానార్థాలు రాయండి అని. బొట్టు, బిందువు, నక్షత్రం. మూడూ రాస్తే మూడు మార్కులు. ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో నేను ఒక్క అర్థమే చూశాను. తలెత్తి సీసా చూశాను.

"టీచరమ్మా, మంచినీళ్ళు తెమ్మంటారా?"

"వద్దండీ. తను నాతో పదిహేను అనే చెప్పింది. ఆసుపత్రిలో. చుక్కలు పదిహేను మిగిలాయి, చెప్పు అంది. నాకు అర్థం కాలేదు."

మేడం కిటికీ దగ్గరకి వెళ్ళి నిలబడ్డారు. అక్కణ్ణుంచే మామూలు గొంతుతో, "ఆ ఎనభై ఎనిమిది తేలాలి," అన్నారు. "కడగకపోతే అంకె ఎలా బాగుంది? కడిగితే చుక్క ఎందుకుంది? చివరి ఇరవై నాలుగు కవర్లలో మట్టి ఉందిగా. పలక తీసుకురండి."

పక్క గదిలో పొడుగు బల్ల మీద మిల్లీగ్రాం గారు తెల్లటి పింగాణీ పలక పెట్టారు. రంగులు కలుపుకునే పలకలా దానికి వరసగా గుంతలు. పదిహేను కవర్లు విప్పి, గుంతకి చిటికెడు చొప్పున మట్టి వేశారు. ఆ చిటికెళ్ళు కూడా అన్నీ ఒకే అంత ఉన్నాయి. గాజు గొట్టంలోకి యాసిడ్ పీల్చి నా వైపు తిరిగారు.

"సున్నం ఉంటే బుసబుసలాడుతుంది. లేకపోతే తడుస్తుంది, అంతే. ఒక్కొక్క చుక్క చాలు."

చుక్క అని ఆయన మామూలుగానే అన్నారు. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

మొదటి గుంతలో చుక్క పడింది. మట్టి చిన్నగా బుసకొట్టి నురగ లేచింది. రెండోది, మూడోది. పలక మీద వరసగా తెల్లని నురగలు పొంగి అణుగుతున్నాయి. ఎనభై ఎనిమిదికి రాగానే ఆయన ఊపిరి బిగబట్టారు. మేమూ బిగబట్టాం.

చుక్క పడింది. మట్టి తడిసి నల్లబడింది. మరేమీ కాలేదు.

ఇంకో చుక్క వేశారు. ఏమీ లేదు.

"ఇందులో సున్నమే లేదు!" అన్నారు మిల్లీగ్రాం గారు. గబగబా అరలోంచి పొలం రిజిస్టరు లాగి వేలితో వెతికారు. "ఎనభై ఎనిమిది… ఇదిగో. పొలం చివరి గుంట, ఇసుక పొర. మీ చెల్లి రాతే. వదిలించడానికి ఏమీ లేనప్పుడు కడిగినా ఒకటే, కడక్కపోయినా ఒకటే. అందుకే అంకె బాగా వచ్చింది."

"అంటే పదిహేనూ కడగలేదు," అన్నారు మేడం. "కడగలేదని తను రాసే పెట్టింది. తోక ఉన్న ప్రతిదీ కడిగింది." పుస్తకం వెనక పేజీలన్నీ తిప్పి చూశారు, ఎక్కడా చుక్క లేదు, అన్నిటికీ తోకలే. కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "డెబ్బై రెండూ బతికాయండీ."

మిల్లీగ్రాం గారు మాత్రం పలక దగ్గరే నిలబడి ఉన్నారు.

"తప్పు నాది," అన్నారు. "ట్రేలో ఇరవై నాలుగు బుడ్డీలు ఉన్నాయి. అన్నీ పొడిగా ఉన్నాయి. పుస్తకంలో అన్నిటికీ టిక్కు ఉంది. తూచి పెట్టేశాను. మిల్లీగ్రాం తేడా పట్టేవాణ్ణి, కళ్ళెదురుగా చుక్క పట్టలేకపోయాను. అయిదు నెలలు ఆ అమ్మాయి మీద పెట్టి కూర్చున్నాం."

"మీకు ఆ గుర్తు ఎవరు చెప్పారని?" అన్నాను. "చెప్పమని నాకు చెప్పింది. నేను చెప్పలేదు."

"అయితే చెరి సగం పంచుకుందాం టీచరమ్మా," అన్నారు. "నేనే తూస్తాను, మీకు తక్కువ పడేలా."

నవ్వొచ్చింది. ఆ గదిలో నవ్వుతానని అనుకోలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ సోఫాలో కూర్చుని ఉంది. పెట్టె కింద పెట్టి, కప్పు తీసి చేతికిచ్చాను. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. అమ్మకి వినికిడి తగ్గింది, కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. "అమ్మా, అది తెలివిలోనే ఉందమ్మా. చివరిదాకా లెక్క తప్పలేదు," అన్నాను. ఇది కూడా రెండుసార్లు చెప్పాను. రెండోసారి అమ్మ కోసం కాదేమో.

"నేనెప్పుడు కాదన్నాను?" అంది అమ్మ. "మతి తప్పిందని నువ్వే అన్నావు. దానికి అన్నం తినిపించినప్పుడల్లా ఉప్పు తక్కువైందని వంక పెట్టేది. మతి తప్పినవాళ్ళకి ఉప్పు తెలుస్తుందా?" కప్పుని చీర కొంగుతో తుడిచి, అక్షరాలు కనిపించేలా ఇటు తిప్పి అరలో పెట్టింది.

గురువారం బడి అయ్యాక మళ్ళీ ప్రయోగశాలకి వెళ్ళాను. ఈసారి ఎవరూ రమ్మనలేదు. మిల్లీగ్రాం గారు పదిహేనింటినీ కడిగి, ఆరబెట్టి, తూచి, యంత్రంలో పెట్టారట. కాగితం చేతికిచ్చారు. మైనస్ ఇరవై అయిదు పాయింట్ నాలుగు, ఇరవై నాలుగు పాయింట్ తొమ్మిది, ఇరవై అయిదు పాయింట్ రెండు. పదిహేనూ అడవివే. ఎనభై ఎనిమిది అంకె కడిగాక కూడా దాదాపు అదే.

"రేపు పంపుతున్నాం," అన్నారు మేడం గుమ్మంలోంచి. "మొదటి పేరు తనదే."

నల్ల అట్ట పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. మిల్లీగ్రాం గారు పెన్ను నా చేతికి ఇవ్వబోయారు.

"వద్దండీ. కడిగింది మీరు. మీరే గీయాలి."

ఆయన పేజీ మీదికి వంగి, తారీకు వేసి, పక్కన పొడి అక్షరాల్లో సంతకం చేశారు. తర్వాత డెబ్బై నాలుగు దగ్గర పెన్ను ఆనించి తలెత్తారు.

"తోక ఎటు లాగాలి టీచరమ్మా, కుడికా, ఎడమకా?"

"ఎటైనా ఫర్లేదు. చుక్క మీదుగా పోతే చాలు," అన్నాను.

ఆయన ఊపిరి బిగబట్టి గీశారు.